సముద్రానికి అన్నభేది

మా అమ్మాయి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "గవర్నమెంటు ఉద్యోగమేనండీ, గోవాలో" అని ఊరుకోవడం నాకు అలవాటైపోయింది. అంతకు మించి వివరం చెప్పబోతే అవతలివాళ్ల మొహంలో వచ్చే మార్పు నేను ఎరుగుదును. ఒకసారి వాడపల్లి వెంకన్న గుడిలో, శనివారం నాడు క్యూలో నిలబడి, పక్కావిడ అడిగింది కదా అని నిజం చెప్పేశాను. "సముద్రంలో నీళ్లు పడుతుందండీ" అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి "అయ్యో, మంచినీళ్లకి అంత ఇబ్బందిగా ఉందాండీ అక్కడ?" అంది.

నీళ్లు పట్టడమే మరి! కాకపోతే పట్టేది దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో, మంచుని పగలగొట్టుకుంటూ వెళ్లే ఓడ మీదనుంచి, ఒక్కోసారి నాలుగు కిలోమీటర్ల లోతునుంచి. ఇదంతా క్యూలో నిలబడి చెప్పే సంగతా, మీరే చెప్పండి.

మాది ఆత్రేయపురం. ఆ పేరు వినగానే మీకు పూతరేకులు గుర్తొచ్చి ఉంటాయి. మా ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా బోర్లించిన కుండ, దాని కింద తాటాకు మంట, ముందు పీట వేసుకుని కూర్చున్న ఓ ఆడమనిషి కనిపిస్తారు. నేనూ పెళ్లయి వచ్చిన ఏడాదిలోపే మా అత్తగారి దగ్గర రేకు తీయడం నేర్చుకున్నాను. మా ఇళ్లలో సముద్రమంటే అంతర్వేది తీర్థమే. భీష్మ ఏకాదశికి వెళ్లడం, మూడు మునకలు వేయడం, చీర కొంగు పిండుకుని వచ్చెయ్యడం. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల వాల్తేరు వెళ్లి సముద్రశాస్త్రం చదువుతానంటే, అలాంటి చదువొకటి ఉంటుందని నేను నమ్మలేదు. తీరా చూస్తే ఆ చదువు ఆంధ్రా యూనివర్సిటీలో నా పుట్టుకకంటే ముందునుంచే ఉందిట. 1950లలో లాఫాండ్ అనే అమెరికా ఆయన అక్కడికొచ్చి పాఠాలు చెప్పి, విశాఖ ఎదురుగా సముద్రం అడుగున పెద్ద పెద్ద లోయలున్నాయని కనిపెట్టి, వాటిలో ఒకదానికి వైస్ ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణగారి పేరూ, మరోదానికి జియాలజీ ప్రొఫెసర్ మహాదేవన్ గారి పేరూ పెట్టారుట. నీళ్ల కింద మన వాళ్ల పేర్లున్నాయంటే ఆ రోజు నాకు కాస్త గర్వంగానే అనిపించింది. అంతటితో ఆగిపోతే బాగుండును అనీ అనిపించింది.

ఆగలేదు. చదువయింది, గోవాలో ఉద్యోగమయింది, పెళ్లయింది, పిల్ల పుట్టింది. ఆ పిల్లకి నాలుగేళ్లు నిండీ నిండకుండానే, ఓ సంక్రాంతికి ఇంటికి వచ్చి, కనుమ నాడు గారెలు తింటూ, "అమ్మా, బుజ్జిని ఓ డెబ్భై రోజులు నీ దగ్గర ఉంచుకుంటావా?" అంది. గారె గొంతులో పడింది నాకు.

విషయం ఏమిటంటే దానికి ఓడ ఎక్కే అవకాశం వచ్చింది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దాకా విమానం, అక్కడినుంచి ఓడ. మన దేశానికి మంచు పగలగొట్టే ఓడ సొంతానికి లేదు, బయటి దేశాల ఓడ అద్దెకి తీసుకుని వెళతారు. అల్లుడుగారు ఒప్పుకున్నారు. వియ్యపురాలు మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం దిగే స్థితిలో లేరు. మిగిలింది నేనూ, మా వారూ.

"పసిదాన్ని వదిలి ఎలా వెళతావే?" అన్నాను.

"1983లో అదితి పంత్ వెళ్లలేదూ?" అంది అది, ఆ జవాబు ఎప్పటినుంచో జేబులో పెట్టుకున్నట్టు.

ఆ సంగతి నాకూ లీలగా గుర్తుంది. అప్పుడు నేను ఈ ఇంటికి కొత్తకోడలిని. మన దేశం 1981లో మొదటిసారి అంటార్కిటికాకి ఓడ పంపింది. 1983 డిసెంబరులో వెళ్లిన మూడో యాత్రలో మొట్టమొదటిసారి ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. సముద్రశాస్త్రం చదివిన అదితి పంత్, రాళ్లూ కొండలూ చదివిన సుదీప్త సేన్‌గుప్తా. ఆ యాత్రకి నాయకుడు హర్ష్ గుప్తాగారు మన హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థలో పనిచేసినాయనే. ఆ వార్త పేపర్లో చూసి మా అత్తగారితో చెబితే ఆవిడ రేకు తీస్తూ, తల ఎత్తకుండా, "వాళ్ల ఇళ్లలో వంట ఎవరు చేస్తున్నారో!" అన్నారు. నలభై ఏళ్ల తరవాత మా అమ్మాయి వెళతానంటే నా నోటికి సరిగ్గా అదే మాట వచ్చింది. పైకి అనలేదు లెండి. అత్తగారు మన నోట్లో ఎంత కాలం కాపురం ఉంటారో!

చివరికి ఒప్పుకున్నాను. బుజ్జిని నిద్రపుచ్చి తెల్లవారుజామున అది బయలుదేరింది. గాలి తగిలితే మెత్తబడిపోతాయని బిగుతు మూత డబ్బాలో యాభై పూతరేకులు పెట్టిచ్చాను. వెళ్లే ముందు అది ఓ థర్మోకోల్ టీ గ్లాసు తెచ్చి, "దీని మీద బుజ్జి పేరు రాయి అమ్మా, నీ చేత్తో" అంది. మార్కరు పెన్నుతో తెలుగులో ఇంతలావు అక్షరాలతో రాశాను. ఎందుకే అంటే "నీళ్లలో ముంచడానికి" అంది. దానికి తిక్క అనుకున్నాను.

మొదటి పది రోజులూ బాగానే గడిచాయి. ఓడ మీద ఇంటర్నెట్టు ఉంది కానీ రోజుకి నాలుగు ముక్కలు పంపితే గొప్ప. ఆ నాలుగు ముక్కలూ మా వారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివేవారు. ఓడ మంచుని ఎలా పగలగొడుతుందో అలాగే తెలిసింది మాకు. నేను ముందు భాగం గొడ్డలిలా ఉండి నరుక్కుంటూ పోతుందనుకున్నాను. కాదుట. ముందు భాగం వాలుగా, గుండ్రంగా ఉంటుందిట. ఓడ మంచు మీదకి ఎగబాకి తన బరువు దాని మీద వేస్తుంది. ఆ బరువుకి మంచు విరుగుతుంది. అంతే. పనిమనిషి పెద్ద బెల్లం దిమ్మ మీద రుబ్బురోలు పొత్రం దొర్లించినట్టన్నమాట. ఓడలో నిద్రపోతుంటే చెవి దగ్గర ఎవరో కంచాలు విసిరేస్తున్నట్టుంటుందని రాసింది.

ఇక నీళ్లు పట్టే సంగతి. గుండ్రటి చట్రం, దాని చుట్టూ నిలువుగా పొడుగాటి సీసాలు, మూతలు తెరిచి ఉంటాయి. దాన్ని తీగకి కట్టి అడుగుదాకా దింపుతారు. దింపేటప్పుడు ఎంత లోతులో ఎంత చల్లదనం, ఎంత ఉప్పు అని యంత్రం చెబుతూ ఉంటుంది. పైకి లాగేటప్పుడు ఫలానా లోతులో ఫలానా సీసా మూత పడాలి అని పైనుంచి మీట నొక్కుతారు. దింపి, తీసేసరికి మూడు నాలుగు గంటలు. మన గిలకబావే, చేద మాత్రం కిలోమీటర్లు. పగలూ రాత్రీ లేదు, ఓడ ఆగిన చోటల్లా తోడడమే. అందులోనూ మా అమ్మాయి పని ఇంకో రకం. అది పట్టే నీళ్లలో ఇనుము ఎంత ఉందో చూడాలి. ఆ సముద్రంలో లక్షల లీటర్ల నీళ్లలో ఆవగింజ ఎత్తు ఇనుము ఉంటే ఎక్కువట. కూర్చున్న ఓడేమో నిలువెల్లా ఇనుము! తుప్పు రజను ఒక్కటి సీసాలో పడిందా, పడ్డ శ్రమంతా గంగలో కలిసినట్టే. అందుకని వాటికి వేరే సీసాలు, ఇనుము లేని తాడు, ప్లాస్టిక్ తెరలు కట్టిన గది, చేతికి రెండేసి తొడుగులు. సీసా ముట్టుకున్న చేత్తో తలుపు గడియ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తొడుగు మార్చాలి.

"అమ్మా, నాయనమ్మ మడి గుర్తొస్తోంది" అని రాసింది. మా అత్తగారి మడి చూసి చిన్నప్పుడు అది ఎంత వెక్కిరించేదో! కావాలని వెళ్లి ఆవిడ ఆరేసుకున్న చీర ముట్టుకుని వచ్చేది. ఇప్పుడు జీతం తీసుకుని మడి కట్టుకుంటోంది.

నవ్వుకుంటూనే ఉన్నాను కానీ ఇక్కడ బుజ్జి సంగతి నాకు బెంగగా ఉండేది. పిల్ల ఆడుకుంటుంది, కానీ తొందరగా అలిసిపోతుంది. అన్నం ముద్ద బుగ్గనే పెట్టుకుని కూర్చుంటుంది. కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. రావులపాలెం తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 అన్నారు. డాక్టరుగారు ఐరన్ సిరప్పు రాసి, ఏవేవో జాగ్రత్తలు చెప్పారు. నేను విన్నానా? "ఐరన్" అన్నది విన్నాను, సీసా తెచ్చుకున్నాను. ఆ సిరప్పు తుప్పు వాసన, పిల్ల నోరు తెరవదు. దాంతో గ్లాసుడు పాలల్లో పంచదార వేసి, అందులో కలిపి పట్టించడం మొదలుపెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. పైనుంచి నువ్వులుండ, వేరుశెనగ చిక్కీ. నెల్లాళ్లు గడిచినా పిల్లలో మార్పు లేదు సరికదా, మరింత నీరసించింది.

పల్లెటూరు కదండీ, మన పిల్ల సంగతి మనకంటే ముందు వీధికి తెలుస్తుంది. "తల్లి మీద బెంగ వదినగారూ, పైకి చెప్పలేక లోపల కృశించిపోతోంది" అంది ఎదురింటావిడ. రేకుల పిండి రుబ్బించుకోవడానికి వెళ్లిన చోట ఇంకొకావిడ, "ఎంత ఉద్యోగమైతే మాత్రం! నీళ్ల కోసం నీళ్లు దాటి వెళ్లాలా?" అని బుగ్గలు నొక్కుకుంది. ఆ రోజు సాయంత్రం బుజ్జి వీధరుగు మీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని, "అమ్మ ఓడకి రివర్సు గేరు లేదా అమ్మమ్మా?" అని అడిగింది.

నాకు ఎక్కడో కాలింది. ఫోను తీసుకుని, మా వారికి చూపించకుండా, ఒక్క వాక్యం పంపాను. "నీ బిడ్డ ఇక్కడ ఎండిపోతుంటే నువ్వక్కడ నీళ్లు కొలుచుకుంటూ కూర్చో."

పంపిన తరవాత రెండు గీతలు పడ్డాయి. అంటే చేరిందన్నమాట. జవాబు లేదు. ఆ రాత్రి లేదు, మర్నాడు లేదు, ఆ మర్నాడూ లేదు.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అక్కడి సముద్రం గురించి అది చెప్పినవన్నీ ఒక్కొక్కటే జ్ఞాపకం రావడం మొదలైంది. భూమి చుట్టూ ఆ అక్షాంశాల దగ్గర గాలికి అడ్డంగా నేలన్నది లేదుట. అందుకని అలా తిరుగుతూనే ఉంటుందిట. నలభయ్యో అక్షాంశానికి గర్జించే నలభైలు, యాభైకి ఉగ్రమైన యాభైలు అని నావికులు పేర్లు పెట్టుకున్నారుట. మామూలు రోజుల్లో ఇవి వినడానికి బాగుంటాయి. మన పిల్ల అందులో ఉండి, దానికి మనం పంపిన ఆఖరి మాట అలాంటిదై ఉంటే, బాగుండవు. మా వారికి చెప్పేశాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. చివాట్లు పెట్టినా బాగుండేది. లేచి వెళ్లి ఆ ఫోను చార్జింగులో పెట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నారు. వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున వచ్చింది. తుఫానులో చిక్కుకుని, ఓడ అటూ ఇటూ దొర్లుతూ ఉంటే యాంటెన్నాకి ఉపగ్రహం అందలేదుట. మంచాలకి నడుము కట్టేసుకుని పడుకున్నారుట. నేను రాసిన దాని గురించి ఒక్క మాట లేదు. ఆ జాబులో మొదటి వాక్యం ఇదీ: "హిమోగ్లోబిన్ ఎంతమ్మా? సిరప్పు దేనితో పట్టిస్తున్నావు?"

పాలల్లో అని రాశాను.

అప్పుడు వచ్చింది దాని పెద్ద ఉత్తరం. రెండు రోజులపాటు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మా వారు దాన్ని వరసగా పేర్చి చదివారు. బుజ్జి ఆరోగ్యం సంగతి రాస్తుందనుకుంటే అది 2009లో జరిగిన ఓ కథ రాసింది. అది ఉద్యోగంలో చేరకముందు సంగతి, పై ఆఫీసర్లు చెబితే విన్నది. ఇంత చిత్రమైన కథ నేను ఎక్కడా చదవలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో మొక్కలకి కావలసిన ఎరువు అంతా దండిగా ఉందిట. మన పొలాలకి యూరియా వేస్తామే, అలాంటి నత్రజని బలం అక్కడ నీళ్లలోనే ఉంది. ఎండా ఉంది. అయినా కంటికి కనపడనంత చిన్న నాచుమొక్కలు పెరగవలసినంత పెరగవు. కారణం ఇనుము లేకపోవడం. మిగతా సముద్రాలకి ఎడారుల దుమ్ము ఎగిరి వచ్చి ఇనుము పడుతుంది. అక్కడికి అంత దుమ్ము రాదు. చుట్టూ విందు పరిచి ఉన్నా, చిటికెడు ఇనుము లేక ఆ సముద్రం రక్తహీనతతో ఉందన్నమాట. జాన్ మార్టిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1980లలో ఈ మాట గట్టిగా అన్నాడు. సగం ఓడ ఇనుము ఇప్పించండి, మంచుయుగం తెచ్చిపెడతాను అని పరాచికం కూడా ఆడాడుట. ఎందుకంటే ఆ నాచు పెరిగితే గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటుంది. చచ్చి అడుగుకి దిగితే ఆ బొగ్గంతా దానితోపాటే సముద్రం అడుక్కి పోతుంది. భూమి చల్లబడుతుంది. ఇప్పటికే మనం వదిలే పొగలో సముద్రాలు పీల్చుకునే వాటాలో ఇంచుమించు 40 శాతం ఆ ఒక్క దక్షిణ సముద్రమే పీల్చుకుంటోందిట.

సరే, పరీక్షించి చూద్దామని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లూ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ వాళ్లూ కలిశారు. జర్మనీ వాళ్ల ఓడ పోలార్‌స్టెర్న్. ధ్రువనక్షత్రం అని అర్థం. 118 మీటర్ల పొడుగు, మీటరున్నర మందం మంచుని ఆగకుండా విరుచుకుంటూ పోగల ఓడ. 2009 జనవరి 7న కేప్‌టౌన్‌లో బయలుదేరింది. శాస్త్రజ్ఞులు దాదాపు యాభైమంది, అందులో సగానికి పైగా మన దేశం వాళ్లే. ఇటు నక్వీ అనే ఆయన, అటు స్మెటాచెక్ అనే ఆయన పెద్దలు. ప్రయోగం పేరు లోహాఫెక్స్. లోహమంటే హిందీలో ఇనుమే కదా, అందుకని ఆ పేరు. జర్మనీ ఓడకి మన మాటతో పేరు పెట్టారంటే ముచ్చటే!

ఓడ ఎక్కీ ఎక్కకముందే గొడవ మొదలైంది. సముద్రంలో ఇలా మందు పోయడం ఏమిటి, రేపేమైనా అయితే ఎవరు బాధ్యులు అని పర్యావరణ సంఘాలవాళ్లు లేచారు. జర్మనీ ప్రభుత్వంలోనే ఒక శాఖ వద్దంది, ఒక శాఖ ఆలోచిస్తానంది. ఓడ నడిసముద్రంలో అనుమతి కోసం కూర్చుంది. జనవరి నెలాఖరుకి సరే అన్నారు. నన్నడిగితే ఆ అడ్డుపెట్టినవాళ్లని తప్పుపట్టను. పక్కవాళ్ల నుయ్యి అయినా అడక్కుండా ఏదైనా వేస్తామా? ఇది అందరి నుయ్యి.

అప్పుడు టన్నుల కొద్దీ ఐరన్ సల్ఫేటు సముద్రపు నీళ్లలో కరిగించి, ఓడ వెనకనుంచి, ప్రొపెల్లరు నురగలోకి వదులుతూ, సుడి తిరుగుతున్న నీళ్ల మధ్య 300 చదరపు కిలోమీటర్ల మేర కలిపారు.

ఈ మాట దగ్గర మా వారు చదవడం ఆపేశారు. "ఐరన్ సల్ఫేటంటే ఏమిటో తెలుసా? అన్నభేది!" అన్నారు.

అన్నభేది నాకు తెలియకపోవడమేమిటి. తడి చాలక నారుమడి తెల్లబడితే ఆయన అన్నభేది నీళ్లలో కలిపి పిచికారీ కొట్టించడం ఎన్నిసార్లు చూడలేదు! అందులో కాస్త నిమ్మ ఉప్పు కూడా వేయాలని కుర్రాడికి పదేపదే చెబుతారు. లేకపోతే ఇనుము మొక్కకి అందకుండానే తుప్పయిపోతుందిట. అంటే ఏమిటన్నమాట, మా నారుమడికీ, మా మనవరాలికీ, దక్షిణ సముద్రానికీ ఒకటే జబ్బు, ఒకటే మందు.

"తరవాతేమైంది? సముద్రం పచ్చబడిందా?" అన్నాను నేను, పిల్లకి మందు పడుతుందో లేదో తెలుసుకుంటున్నట్టుగా.

కొంచెం పచ్చబడింది. రెండు వారాల్లో నాచు రెట్టింపయింది. అందరూ సంబరపడ్డారు. అక్కడితో ఆగిపోయింది. ముప్పైతొమ్మిది రోజులు ఆ సుడి వెంటే తిరిగారు, నీళ్లు పట్టి చూస్తూనే ఉన్నారు. గాజులాంటి డొల్ల కట్టుకునే నాచు ఒకటుంటుంది, డయాటమ్ అంటారు, అది బాగా పెరుగుతుందనుకున్నారు. ఆ డొల్లకి సిలికా కావాలి. ఆ చోట నీళ్లలో ఉన్న సిలికా అంతకుముందే ఖర్చయిపోయింది. ఇనుము ఎంత పోస్తే ఏం లాభం? మరి పెరిగిన మెత్తటి నాచు ఏమైంది? నలుసంత రొయ్యల్లాంటి జీవాలు వచ్చి మేసేశాయి. ఆ జీవాల్ని మేయడానికి ఇంకాస్త పెద్దవి వచ్చాయి. అడుగుకి దిగిన బొగ్గు చాలా కొద్ది. మార్చి 17న ఓడ చిలీ దేశంలో రేవు చేరింది. సముద్రానికి ఇనుము పోసి భూమిని చల్లబరిచెయ్యడం అంత సులువు కాదని తేలింది.

"ఇందుకేనా ఇంత ఖర్చు!" అన్నాను. మా వారు నా వంక చూసి, "లేదని తెలుసుకోవడానికి ఖర్చవదా?" అన్నారు. ఉత్తరం చివర మా అమ్మాయి ఇలా రాసింది. "అమ్మా, పాలు ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. సిరప్పు పాలల్లో వద్దు, నిమ్మరసంతో పట్టించు. ఇంకోటి, నులిపురుగులేమైనా ఉన్నాయేమో డాక్టరుగారిని అడుగు. నువ్వు పోసింది ఎవరు తింటున్నారో చూడాలి కదా."

మర్నాడే రావులపాలెం వెళ్లాం. డాక్టరుగారు చీటీ తీసి చూపించారు. పాలతో ఇవ్వవద్దని మొదటి రోజే రాసి ఉంది. కింద గీత కూడా గీశారు. పరీక్ష చేస్తే నులిపురుగులు ఉన్నాయి. మాత్ర ఇచ్చారు. ఈసారి చెవులు రిక్కించుకుని విన్నాను. సిరప్పు నిమ్మరసంతో మొదలుపెట్టాను. మూడో వారానికి బుజ్జి రెండోసారి అన్నం అడిగింది. ఎదురింటావిడకి మాత్రం ఈ నులిపురుగుల సంగతి చెప్పలేదు. బెంగ అన్న మాటే గౌరవంగా ఉంది. అలాగని బెంగ లేదనీ కాదు. అన్నం తింటున్న పిల్ల కూడా రివర్సు గేరు సంగతి అడగడం మానలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో ఓ రోజు ఫోటో ఒకటి వచ్చింది. అక్కడ వేసవి వెళ్లిపోయి, సముద్రం మళ్లీ గడ్డకట్టడం మొదలైంది. ఉప్పునీరు కనక సున్నా డిగ్రీల దగ్గర కాదు, ఇంకా కిందకి, సున్నాకి 1.8 డిగ్రీలు దిగువన గడ్డకడుతుందిట. ముందు నీళ్ల మీద నూనె తేలినట్టు మెరుపు వస్తుంది. తరవాత పలచటి పొర. "అమ్మా, ఇవాళ సముద్రం రేకులు తీసింది" అని రాసింది. నిజమేనండోయ్! బూడిదరంగులో, పారదర్శకంగా, అల వచ్చినప్పుడు విరగకుండా అలతోపాటు వంగుతూ, అచ్చం కుండ మీదనుంచి అప్పుడే లేపిన రేకు. మర్నాటి ఫోటోలో ఆ పొర ముక్కలై, ఒకదానికొకటి రాసుకుని, అంచులు పైకి లేచి, గుండ్రంగా వందలూ వేలూ. పెనం మీద అట్లు! ఇంగ్లీషులో కూడా దాన్ని అట్టు మంచు అనే అర్థం వచ్చేలాగే పిలుస్తారుట. అలా కట్టేటప్పుడు నీళ్లు ఉప్పుని బయటకి వదిలేస్తాయి. ఆ ఉప్పునీరు బరువెక్కి అడుగుకి జారుతుంది. అంటార్కిటికా అంచున అలా దిగిన చల్లటి నీరు సముద్రాల అడుగున ఏళ్లూ పూళ్లూ పాకుతూ మన బంగాళాఖాతం అడుగుదాకా వస్తుందిట. అంతర్వేది ఎదురుగా లోపలికి, బాగా లోపలికి వెళితే, అడుగున ఉన్నది అక్కడి నీళ్లే అన్నమాట. ఈ ముక్క నాకెందుకో బాగా నచ్చింది. ఆ రోజు రేకులు తీస్తూ రెండు మాడ్చాను.

నేను పంపిన పూతరేకుల గతి కూడా తెలిసింది. ఓడ నడిపే విదేశీయుల్లో ఒకాయన అది కాగితం అనుకుని, పై పొరలన్నీ జాగ్రత్తగా ఒలిచి పక్కన పెట్టి, లోపలి బెల్లంపొడి తిని, చాలా బాగుందన్నాడుట.

ఉగాదికి వారం ముందు అది వచ్చింది. మొహం గాలికి కమిలి, పెదాలు పగిలి, ఓ పదేళ్లు పెద్దదానిలా ఉంది. నేను ఆ వాక్యం సంగతి ఎత్తుదామని నోరు తెరిచేలోపు "బుజ్జి ఏదమ్మా?" అంది. బుజ్జి నా వెనకే ఉంది. నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూస్తోంది. రమ్మంటే రాదు. మా అమ్మాయి బలవంతం చేయలేదు. వీధి గుమ్మంలోనే చతికిలబడి, సంచి విప్పి, ఉన్నితొడుగులోంచి ఏదో తీసి నేలమీద పెట్టింది.

వేలి చివర పట్టేంత గ్లాసు. కుట్టుపనివాళ్లు వేలికి తొడుక్కునే టోపీ ఉంటుందే, దానికంటే కొంచెం పెద్దది. దాని మీద, చీమల బారులా, నా చేతిరాతతో బుజ్జి పేరు. నేను రాసిన గ్లాసే. నీళ్ల సీసాల చట్రానికి కట్టి నాలుగు వేల మీటర్ల లోతుకి దింపిందిట. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణం బరువు పెరుగుతుంది కనక అక్కడ నీళ్ల బరువు ఇక్కడికి నాలుగు వందల రెట్లు. థర్మోకోల్‌లోని గాలంతా నొక్కుకుపోయి అలా కుదించుకుపోయింది. కానీ వంకర పోలేదు, చిట్లలేదు, అక్షరాలు ఒక్కటీ చెరగలేదు.

బుజ్జి కుచ్చిళ్లు వదిలి రెండడుగులు ముందుకు వేసింది. గ్లాసు తీసుకుని లోపలికి తొంగిచూసింది. "దీన్ని ఎవరు కాల్చారు?" అని అడిగింది తల్లిని. డెబ్భై రోజుల తరవాత అదీ మొదటి మాట.

"కాల్చలేదు, సముద్రం పట్టుకుని నొక్కింది" అంది మా అమ్మాయి. పిల్ల నమ్మలేదు. ఆ గ్లాసు పట్టుకుని సరాసరి వంటింట్లోకి వెళ్లి, మా వారి కాఫీలోంచి రెండు చుక్కలు అందులో పోయించుకుని, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చి, గుమ్మంలో ఉన్న మనిషికి ఇచ్చింది.